మన తూర్పు కనుమల్లో బండి మీద తిరగాల్సిన ఘాట్ రోడ్డు ఏది? ఎందుకు?

గాలికొండ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. లద్దాఖ్, స్పితి గురించి ఇక్కడ బోలెడు టాపిక్‌లు ఉన్నాయి. మన ఇంటి పక్కనున్న ఘాట్ రోడ్ల గురించి మాత్రం ఒక్కచోట చదవడానికి ఏమీ లేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను. తూర్పు కనుమలు ఎత్తు తక్కువే, మంచు పడదు, ఒప్పుకుంటాను. కానీ బండి నడపడంలో ఉండే ఆనందానికి ఎత్తుతో పెద్దగా సంబంధం లేదని నా నమ్మకం.

నా ఓటు విశాఖ నుంచి అరకు వెళ్ళే దారికి. మొత్తం దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట (ఎస్.కోట) వరకు మామూలు మైదానం రోడ్డే. బొడ్డవర దాటాక కొండ మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, ఆపైన అరకు. కింద చొక్కా తడిసేంత ఉక్కపోత ఉన్న రోజున కూడా అనంతగిరి వచ్చేసరికి జాకెట్ జిప్ పైదాకా లాక్కుంటాం.

డముకు వ్యూపాయింట్ దగ్గర కాసేపు ఆగండి. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కొండ నడుము మీద కనబడుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను అది. ఓ సొరంగంలోంచి బయటికొచ్చిన గూడ్సు ఇంకో సొరంగంలోకి దూరిపోతూ ఉంటుంది, దాని తోక మాత్రం ఇంకా మొదటిదాంట్లోనే ఉంటుంది.

సుంకరిమెట్ట దగ్గర కాఫీ తోటల మధ్య ఒక జాగ్రత్త. సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా పెరిగి, వాటికి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. పొద్దున్న ఎనిమిది, తొమ్మిది మధ్య ఆ చెట్ల నీడ రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంది. హెల్మెట్‌కి నల్లద్దాల వైజర్ వేసుకుంటే ఆ చారల్లో గుంత ఏదో, నీడ ఏదో తెలీదు. అక్కడ తెల్ల వైజరే మేలు.

ఇక మీరు చెప్పండి. ఊరికే పేరు రాసి వదిలేయకుండా, ఆ రోడ్డు ఎందుకు ఇష్టమో కూడా రాయండి.

గోదారి_గట్టు (రాజమహేంద్రవరం)

అరకు బాగుంటుందండీ, కాదనను. కాకపోతే శని, ఆదివారాల్లో ఆ రోడ్డు మీద కార్లు, టెంపో ట్రావెలర్లు చూశాక ప్రశాంతంగా బండి నడిపిన తృప్తి నాకు ఎప్పుడూ కలగలేదు. నా ఓటు మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌కి.

రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వరకు అడవి మెల్లమెల్లగా దగ్గరవుతూ వస్తుంది. అసలు రోడ్డు మారేడుమిల్లి దాటాకే ఉంది. రెండు పక్కలా వెదురు పొదలు. కొన్నిచోట్ల పైన కొమ్మలు కలిసిపోయి పట్టపగలు కూడా హెడ్‌లైట్ వేసుకోవాలనిపిస్తుంది. మలుపులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి గానీ తొందరపెట్టవు. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండో గేరు. ఈ లయ కుదిరిందంటే ఇక బ్రేకు మీద వేలు పెట్టే పనే ఉండదు. నాకు ఈ రోడ్డు ఇష్టం కావడానికి కారణం అదే, చూసే అందం రెండోది.

వానాకాలంలో వెళ్ళేవాళ్ళకి: వెదురాకు రోడ్డు మీద రాలి తడిసి నల్లగా అంటుకుపోతుంది. చూడటానికి తారు రంగులోనే ఉంటుంది, టైరు పడితే సబ్బు. మలుపు లోపలి అంచున, కల్వర్టుల దగ్గర ఎక్కువ. ఆ అంచు వదిలి, మన లేన్‌లోనే కాస్త మధ్యకి ఉండండి.

పెట్రోలు మారేడుమిల్లి దాటకముందే నింపేసుకోండి. కొండ మీద ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు కాబట్టి ఇంట్లో ముందే చెప్పి బయల్దేరండి. ఆకలేస్తే మారేడుమిల్లిలో బొంగు చికెన్ ఎలాగూ ఉంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. అది కాలేదాకా కూర్చోవాలి, తొందరపడితే లోపల ఉడకదు. కనీసం ఓ ముప్పావుగంట బండికి, మనకి విశ్రాంతి అన్నమాట.

నల్లమల_రైడర్ (అచ్చంపేట)

అన్నలిద్దరూ మంచిగ రాసిన్రు. నల్లమల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్న.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు అందరికీ తెలిసిందే, కానీ గుడికి పోవాలె, దర్శనం చేసుకోవాలె, వాపస్ రావాలె అన్న తొందరల రోడ్డును ఎవరూ చూడరు. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటినంక అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలైతది. వటవర్లపల్లి దాకా రోడ్డు దాదాపు సాపుగనే ఉంటది. పీఠభూమి మీద అడవి. అసలు ఘాట్ దోమలపెంట దాటి ఈగలపెంట కాడ మొదలై డ్యామ్ కాడికి దిగుతది. ఒక్కో మలుపు తిరుగుతుంటే కింద కృష్ణ లోయ, డ్యామ్ గేట్లు ఒకసారి ఎడమ దిక్కు, ఒకసారి కుడి దిక్కు కనబడుతయి. వంతెన దాటినంక మళ్ల ఎక్కుడు, సున్నిపెంట, శ్రీశైలం.

రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు మూసేస్తరు. దోర్నాల దిక్కు కూడ అట్లనే. కొందరు దీన్ని తిట్టుకుంటరు గానీ నేను ఒప్పుకోను. రాత్రిపూట ఆ రోడ్డు జంతువులది. అవి దాటేటప్పుడు మనం లైట్లేసుకొని అడ్డం పోతే నష్టం ఇద్దరికీ.

దోర్నాల రోడ్డు గురించి కూడ చెప్పాలె. శ్రీశైలం నుంచి శిఖరేశ్వరం మీదుగ తుమ్మలబైలు, దోర్నాల. హైదరాబాద్ రోడ్డు కంటె మలుపులు ఎక్కువ, బండ్లు తక్కువ. శిఖరం కాడ నంది కొమ్ముల నడుమ నుంచి గుడి గోపురం చూసే ఆనవాయితీ ఉంది, అక్కడ ఎట్లయినా బండి ఆపుతరు. కోతులకు మాత్రం ఏమీ పెట్టకుండ్రి. తిండి దొరుకుతదని రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నయి. ప్లాస్టిక్ కవర్ కూడ అడవిల పారేయకుండ్రి.

సాలూరు_లారీ

మా నాన్న లారీ డ్రైవరు. చిన్నప్పుడు సెలవుల్లో క్యాబిన్‌లో కూర్చుని సుంకి ఘాట్ ఎక్కినోణ్ణి. ఇప్పుడు అదే రోడ్డు బండి మీద ఎక్కుతున్నాను. సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్. ఒడిశాలో ఎత్తయిన శిఖరం దేవమాలి (1,672 మీటర్లు) ఆ పక్కనే. రోడ్డు వెడల్పుగా ఉంటాది, మలుపులు పెద్దవి, లారీలు ఎక్కువ. లారీలంటే భయపడి చాలామంది బైకు వాళ్ళు ఇటు రారు. అందుకే లారీ వైపు నుంచి నాలుగు మాటలు చెప్తాను.

హెయిర్‌పిన్‌లో, అంటే పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, లారీ తిరగాలంటే దానికి రోడ్డంతా కావాలి. ముందు బయటికి వెళ్ళి, అప్పుడు లోపలికి కోస్తాడు. లోపలి పక్క ఖాళీ కనబడిందని బైకు దూరుస్తారు, అక్కడే నలిగిపోతారు. వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్ళిన దారిలో రావు, ఇంకా లోపలికి వస్తాయి. మలుపు ముగిసి, డ్రైవరు అద్దంలో మిమ్మల్ని చూశాడని తెలిసేవరకు వెనకే ఉండండి. అతని అద్దంలో అతని ముఖం మీకు కనబడితే మీరూ అతనికి కనబడుతున్నట్టే.

రెండోది. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. రూల్ పుస్తకంలోనే ఉంది, మర్యాద ఒక్కటే కాదు. లోడుతో ఎక్కే లారీ ఒకసారి ఆగిందంటే మళ్ళీ కదలడానికి క్లచ్ కాలిపోతాది.

మూడోది. దిగే లారీ వెనక వెళ్తున్నప్పుడు బ్రేకు లైనింగ్ కాలిన వాసన వస్తే వెంటనే వెనకబడిపోండి. అతని బ్రేకులు వేడెక్కాయని అర్థం. ఆ లారీ ముందుకి మాత్రం అస్సలు వెళ్ళొద్దు.

నాకు సుంకి ఘాట్ ఎందుకిష్టమంటే, అక్కడ లారీ డ్రైవర్లకీ నాకూ మాట కలుస్తాది. చేయి బయటపెట్టి ఊపితే రమ్మని, కిందికి చూపిస్తే ఆగమని. ఒకణ్ణొకడు చూసుకుంటూ కొండ ఎక్కడం కారు రోడ్ల మీద దొరకదు.

కొత్త_బండి (విజయవాడ)

అందరివీ చదివాను, చాలా థాంక్స్ అండీ. నాది 150 సీసీ బండి. వెనక మా ఆవిడ కూర్చుంటుంది. ఇంతవరకు ఘాట్ ఎక్కలేదు. ఈ బండి లాగుతుందా? 350 తీసుకున్నాకే వెళ్ళాలా? దిగేటప్పుడు ఇంజన్ ఆపి న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు కలిసొస్తుందని మా బాబాయి అంటున్నారు. నిజమేనా?

స్కూటీ_సత్య (తిరుపతి)

అన్నా, ముందు రెండో ప్రశ్న. ఇంజన్ ఆపి దిగొద్దు. న్యూట్రల్‌లో అసలే వద్దు. కొండ దిగేటప్పుడు బండిని సగం పట్టుకునేది ఇంజనే. గేరులో ఉంచి థ్రాటిల్ వదిలితే అదే వేగాన్ని ఆపుతుంది, బ్రేకు ఎప్పుడో ఒకసారి వేస్తే చాలు. న్యూట్రల్‌లో మొత్తం భారం బ్రేకు మీదే పడుతుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు అవసరమైందో దిగేటప్పుడూ అదే గేరు. మా నాన్న ఆర్టీసీలో పనిచేశారు, మా ఇంట్లో ఈ మాట వినని రోజు లేదు. మీ బాబాయి గారికి మెల్లగా నచ్చజెప్పండి.

150 సీసీ ధారాళంగా లాగుతుంది. నేను స్కూటర్ మీద తిరుమల ఎక్కుతుంటాను. పాత ఘాట్ 1944లో, కొత్తది 1974లో వేశారు. ఇప్పుడు ఎక్కడానికి కొత్త రోడ్డు, దిగడానికి పాతది. ఎదురు బండ్లు రావు కాబట్టి ఘాట్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి రోడ్డు లేదంటాను. అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, బైకులకి వేళలున్నాయి, ఆ వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి.

స్కూటర్ వాళ్ళకి మాత్రం ఒక మాట. మన బండికి గేర్లు లేవు, బాగా నెమ్మదిస్తే క్లచ్ వదిలేస్తుంది, ఇంజన్ పట్టు పోతుంది. అందుకని పాత ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే కూర్చోకూడదు. గట్టిగా వేసి, వేగం తగ్గించి, వదిలెయ్యాలి. మళ్ళీ పెరిగితే మళ్ళీ గట్టిగా. లివర్ మెత్తగా లోపలికి వెళ్తున్నట్టు అనిపిస్తే చోటు చూసుకుని పక్కన ఆపి డ్రమ్ము చల్లారేదాకా ఆగండి. నీళ్ళు పోయొద్దు.

వెనక కూర్చునే వాళ్ళకి కూడా పని ఉంటుంది. మీ ఆవిడని మలుపులో మీ భుజం మీదుగా తిరిగే వైపుకి చూడమనండి. ఒళ్ళు దానంతట అదే సరిపోతుంది. భయపడి ఎదురు వైపు వాలితేనే బండి మాట వినదు.

మదనపల్లె_350

సత్యక్కా, చక్కగా చెప్పినావు. మా హార్స్‌లీ హిల్స్ గురించి కూడా ఒక మాట చెప్పనీయండప్పా.

ఎత్తు 1,265 మీటర్లు. రాయలసీమ ఎండలో మదనపల్లె నుంచి బయల్దేరి ఓ గంటలో చల్లగాలిలో ఉంటాం. కడప కలెక్టర్‌గా చేసిన హార్స్‌లీ అనే దొర 1860ల్లో అక్కడ బంగళా కట్టుకున్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. మా పెద్దోళ్ళు మటుకు ఏనుగు మల్లమ్మ కొండ అంటారు. దూరం తక్కువ గానీ ఎక్కుడు నిటారు, రోడ్డు ఇరుకు. నీలగిరి చెట్ల వాసన, గంధపు చెట్లు, బండరాళ్ళు. తెల్లారుజామున పోతే రోడ్డంతా మనదే.

ఇట్లాంటి ఇరుకు ఘాట్‌లో ఎడమ హెయిర్‌పిన్ ఎక్కేటప్పుడు కొత్తవాళ్ళు బండి ఆపేస్తుంటారు. మలుపు లోపలి అంచున రోడ్డు అన్నిటికంటే నిటారుగా ఉంటుంది. మలుపుకి ముందే ఫస్ట్ గేరు వేసుకుని, మన లేన్‌లోనే బయటి వైపు నుంచి తిరిగితే ఆ నిటారు తప్పిపోతుంది. మలుపు మధ్యలో గేరు మార్చడం, బ్రేకు వేయడం వద్దు. చూపు మలుపు చివర్లో ఉండాల, ముందు చక్రం మీద కాదు.

వంపు_రాజా (హైదరాబాద్)

అన్నీ నెమ్మది, జాగ్రత్త అంటున్నారు గానీ, ఘాట్ అంటే బండి వంచడమే కదా బ్రో. మోకాలు నేలకి ఆనేంత లీన్ చేస్తే వచ్చే కిక్ వేరు. అరకు దారిలోని అనంతగిరి దగ్గర మా గ్యాంగ్ పొద్దున్నే వెళ్ళి ఒకే నాలుగు మలుపులు పైకీ కిందికీ తిరుగుతాం. మంచి ఎగ్జాస్ట్ పెట్టిన బండి శబ్దం లోయలో మారుమోగుతుంటే ఒళ్ళు పులకరిస్తుంది. స్పోర్ట్స్ బండి కొన్నది ఎందుకు మరి?

పాడేరు_కాఫీ

నేను ఇక్కడ సాధారణంగా చదివి వెళ్ళిపోతాను. రాజా గారి పోస్టు చూశాక రాయాలనిపించింది.

మా ఊరు కూడా అలాంటి ఘాట్ రోడ్డు పక్కనే ఉంది. మాకు కాఫీ తోట ఉంది, మిరియాలు ఉన్నాయి. మీరు లోయలో మారుమోగుతుందని సంతోషించే శబ్దం మా ఇంట్లో నిద్రపోతున్న పసిపిల్ల చెవిలో పడుతుంది. మీరు తిరిగే అలాంటి మలుపుల్లోనే మా ఆడవాళ్ళు కట్టెల మోపుతో, పిల్లలు బడి సంచులతో నడుస్తారు. మాకు ఫుట్‌పాత్ లేదు, ఇంకో దారి లేదు. పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉంటుందని మీరనుకునే వేళకే మేము తోటలకి బయల్దేరుతాం.

పంట కాలంలో రోడ్డు మీద చోళ్ళు, సామలు, రాజ్మా ఆరబోస్తారు, కొన్నిచోట్ల కాఫీ పండు కూడా. తప్పే కావచ్చు, కానీ కొండ వాలులో కళ్ళానికి సాపు నేల ఎక్కడుంది? దాని చుట్టూ రాళ్ళు పేర్చి ఉంటాయి. మలుపు తిరగ్గానే ఎదురవుతాయి. చిన్నపాటి వేగంలో ఉంటే పక్కనుంచి వెళ్ళిపోవచ్చు. మోకాలు నేలకి ఆనించి వస్తే మీరూ పోతారు, మా పంటా పోతుంది.

రోడ్డు గురించి ఇంకో సంగతి చెప్తాను. లంబసింగి పొగమంచు చూడ్డానికి డిసెంబర్లో అర్ధరాత్రి నుంచే వేలమంది వస్తారు. నర్సీపట్నం నుంచి లంబసింగి, చింతపల్లి వైపు ఆ రోడ్డు వేసింది ఎవరో చాలామందికి తెలీదు. బ్రిటిష్ కాలంలో గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత ఆ రోడ్డు పని చేయించాడు. కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఎదురు తిరిగినవాళ్ళని కొట్టించాడు. మన్యం తిరుగుబాటుకి అదొక ముఖ్య కారణం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొదట చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదే పడింది, ఆ మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాత రాజవొమ్మంగి. 1924 మే 7న కొయ్యూరులో ఆయన్ని కాల్చేశారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, నర్సీపట్నం నుంచి దగ్గరే. లంబసింగి వెళ్ళేవాళ్ళు ఓ పూట అటు కూడా వెళ్ళండి.

మా తాతల చెమటతో పడ్డ రోడ్డు అది. దాని మీద ఎవరైనా రావచ్చు, సంతోషమే. మీరొస్తే మా కాఫీ అమ్ముడవుతుంది, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అరకు కాఫీ పేరు దూరదేశాలకీ వెళ్ళింది. నిండు మనసుతో రమ్మంటున్నాను. ఊరు కనబడగానే మాత్రం థ్రాటిల్ తగ్గించండి.

గాలికొండ (విశాఖపట్నం)

పాడేరు_కాఫీ గారూ, మీరు రాయడం ఈ టాపిక్‌కి దక్కిన అదృష్టం. చింతపల్లి రోడ్డు చరిత్ర పాఠంలో చదివాను గానీ, నేను బండి నడిపే రోడ్డు అదేనని ఎప్పుడూ కలిపి చూడలేదు.

రాజా, బండి వంచడం నేర్చుకోవాలన్న కోరిక తప్పు కాదు. దానికి ట్రాక్ ఉంది. కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, అక్కడ శిక్షణ తరగతులు కూడా పెడతారు. అక్కడ ఎదురు బండి రాదు, మలుపు మధ్యలో ఆవు పడుకోదు, పడితే మోసుకెళ్ళడానికి అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. ఘాట్‌లో నీకు దెబ్బ తగిలితే ఎస్.కోట దాకానో విశాఖ దాకానో మోసుకెళ్ళాలి.

వంపు_రాజా (హైదరాబాద్)

పాడేరు అన్న రాసింది రెండుసార్లు చదివాను. ఊరి కోణంలో నేనెప్పుడూ ఆలోచించలేదు, నిజం. ఎగ్జాస్ట్ విషయం మా గ్యాంగ్‌లో మాట్లాడతాను. కానీ ఒక్కటి, వేగంగా వెళ్ళేవాళ్ళందరూ నడపడం రానివాళ్ళు కాదు. నియంత్రణ తెలిసినవాడు వేగంగా వెళ్ళినా క్షేమంగానే వస్తాడు.

సాలూరు_లారీ

తమ్ముడూ, నియంత్రణ నీ బండి మీద ఉంటాది. మలుపు అవతల ఏముందో దాని మీద ఉండదు. నీకు కనబడే దూరంలో ఆగగలిగే వేగం ఎంతో, ఆ మలుపుకి అదే వేగం. మంచులో పది గజాలే కనబడితే పది గజాల్లో ఆగాలి. ఘాట్ వేగానికి నాకు తెలిసిన కొలత ఇదొక్కటే.

షార్లెట్_తెలుగోడు (నార్త్ కరోలినా)

దూరం నుంచి చదువుతున్నాను, ఊరు గుర్తొస్తోంది. రాజా గారి ప్రశ్నకి ఇక్కడి అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మాకు కొన్ని గంటల దూరంలో టెయిల్ ఆఫ్ ది డ్రాగన్ అనే రోడ్డు ఉంది. టెన్నెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో 11 మైళ్ళలో 318 మలుపులు. ఆ 11 మైళ్ళలో రోడ్డు మీదికి తెరుచుకునే ఇంటి గేటు ఒక్కటీ లేదు, పక్క రోడ్డు కలవదు. పొడవైన ట్రక్కుల్ని నిషేధించారు. ఇన్ని సౌకర్యాలున్నా వేగ పరిమితి 30 మైళ్ళే, పోలీసులు కాపు కాస్తారు. అయినా పడేవాళ్ళు పడుతూనే ఉంటారు. ఆ రోడ్డు చివరనున్న డీల్స్ గ్యాప్ దగ్గర ఒక చెట్టుకి పడిపోయిన బండ్ల అద్దాలు, ఫెయిరింగులు, హ్యాండిళ్ళు వేలాడదీశారు. ఊళ్ళు లేని రోడ్డు మీదే ఇలా ఉంటే, మనుషులు నడిచే అనంతగిరి రోడ్డు సంగతి వేరే చెప్పాలా?

నాకు మాత్రం డ్రాగన్ కంటే బ్లూరిడ్జ్ పార్క్‌వే ఇష్టం. 469 మైళ్ళు, అంటే దాదాపు 755 కిలోమీటర్లు. 1935లో మొదలుపెడితే చివరి ముక్క 1987లో పూర్తయింది. ఆ చివరి ముక్కే లిన్ కోవ్ వయాడక్ట్. కొండని తవ్వితే పాడవుతుందని, కొండ పక్కనుంచి గాల్లో వంతెనలా తీసుకెళ్ళారు. సరుకు లారీలు రాకూడదు, హోర్డింగులు లేవు, వేగం 45 మైళ్ళు దాటకూడదు. అక్టోబరులో ఆకులు రంగు మారినప్పుడు అంత నెమ్మదిగా వెళ్ళడం కూడా తొందరగానే అనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను దీన్ని చాలాచోట్ల తెంచేసింది, వచ్చేవాళ్ళు ఏ భాగం తెరిచి ఉందో చూసుకుని రండి.

ఇక్కడ తిరిగినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. మన అరకు రోడ్డుకి ఇలాంటి పట్టింపు ఎందుకు ఉండకూడదు? వ్యూపాయింట్ దగ్గర బండి ఆపుకోవడానికి సరైన చోటు, చెత్త వేయడానికి డబ్బా, పాదచారులకి అంచున ఓ మీటరు బాట. ఇంత చేస్తే ఎంత మారుతుందో.

నల్లమల_రైడర్ (అచ్చంపేట)

షార్లెట్ అన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం. చెట్టుకు వేలాడదీసిన బండి ముక్కల సంగతి చదివి గమ్మున కూసున్న.

నల్లమలలనే ఇంకో రోడ్డు ఉంది, దాని గురించి ఎవరూ రాయరు. నంద్యాల నుంచి గిద్దలూరు. గాజులపల్లె దాటినంక అడవి, పచ్చర్ల, దిగువమెట్ట. గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం కూడ ఆ కొండల్లకెల్లే పోతది. శ్రీశైలం రోడ్డు లెక్క పెద్ద లోయలు ఉండయి. సన్నగ వంపులు తిరుగుతూ పొడి అడవి, ఎర్ర మన్ను, ఎండాకాలంల ఆకు రాల్చిన చెట్లు. అందరికీ నచ్చకపోవచ్చు. నాకు మాత్రం మార్చి నెలల మోదుగు పూసినప్పుడు ఆ రోడ్డు కంటె అందమైంది కనబడలే. ఆకు ఒక్కటి ఉండది, చెట్టంత నిప్పు రంగు పువ్వు.

అక్కడ చిరుతలు తిరుగుతయి. తెల్లారకముందు, పొద్దు గూకినంక పోకుండ్రి. బండి ఆపి అడవిలకు నడవకుండ్రి.

కొత్త_బండి (విజయవాడ)

బాబాయికి ఇంజన్ సంగతి చెప్పాను, ఒప్పుకున్నారు. సత్యగారికి థాంక్స్. మా ఆవిడ కూడా ఈ టాపిక్ చదువుతోంది. విశాఖలో మా అత్తగారిల్లు. అక్కడి నుంచి లంబసింగి, పాడేరు, అరకు చుట్టి రావాలనుకుంటున్నాం. తిరుమల ముందు చేసి, ఆ తర్వాత ఇది. మొదటిసారికి ఎక్కువ అవుతుందా? ఏ నెల మంచిది? ఎటు నుంచి ఎటు వెళ్ళాలి?

గాలికొండ (విశాఖపట్నం)

ఒక్క రోజులో వద్దు, చుట్టి రావడమే తప్ప చూసింది ఏమీ ఉండదు. రెండు రాత్రులు పెట్టుకోండి.

విశాఖ, అనకాపల్లి, నర్సీపట్నం, లంబసింగి ఘాట్, చింతపల్లి. మొదటి రాత్రి అటే ఉండండి. మర్నాడు చింతపల్లి నుంచి జి.మాడుగుల మీదుగా పాడేరు, అక్కడి నుంచి హుకుంపేట, అరకు. మూడో రోజు అనంతగిరి ఘాట్ దిగి ఎస్.కోట, విశాఖ. ఇలా వెళ్తే లంబసింగి వైపు ఎక్కి, అనంతగిరి వైపు దిగుతారు. దిగే రోడ్డు వెడల్పుగా ఉండటం కొత్తవాళ్ళకి మంచిది.

పాడేరు నుంచి నేరుగా కింద మైదానంలోని మాడుగుల (జి.మాడుగుల కాదు) వైపు దిగే ఘాట్ కూడా ఉంది. చాలా అందమైన రోడ్డు, మలుపులు బిగుతు. కిందికి దిగాక మాడుగుల హల్వా దొరుకుతుంది, గోధుమపాలతో చేస్తారు. మొదటిసారికి దాన్ని వదిలెయ్యండి. రెండోసారి ఆ రోడ్డు కోసమే రండి.

రాజమండ్రి వైపు నుంచి కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు కలుపుతూ వచ్చే 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేస్తున్నారు. పని నడిచే చోట్ల కంకర, మట్టి ఉంటాయి. కంకర మీద ముందు బ్రేకు జోలికి వెళ్ళకుండా, ముందే నెమ్మదించి, హ్యాండిల్ గట్టిగా బిగించకుండా నిటారుగా దాటండి.

స్కూటీ_సత్య (తిరుపతి)

నా నుంచి ఒకటే. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు చూపించండి, ఇద్దరు కూర్చుంటే కంపెనీ చెప్పిన జంట కొలత వేరే ఉంటుంది, చైన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కర్ ఉంటుంది చూడండి. బ్రేకు ప్యాడ్‌లు సగం అరిగుంటే మార్చేసుకుని బయల్దేరండి. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ కనబడుతుంది, లో బీమే వేయాలి. మీ ఆవిడకి కూడా పూర్తి హెల్మెట్, చేతులకి గ్లవ్స్.

పాడేరు_కాఫీ

నెల సంగతి నేను చెప్తాను. జులై, ఆగస్టుల్లో వాన, కొండచరియలు జారుతుంటాయి, ఈసారికి వద్దు. నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారాల వరకు రండి. వలిసె పూలు పూసి ఉంటాయి, అరకు లోయ పొలాలన్నీ పసుపు. కాఫీ పండ్లు ఎర్రబడి కోతలు మొదలవుతాయి. ఆ పూల పొలాల్లోకి దిగి ఫొటోలు తీసుకునేటప్పుడు రైతుని అడగండి, కొందరు కొద్దిగా డబ్బు తీసుకుంటారు, ఇవ్వండి. తొక్కిన మొక్కకి గింజ రాదు.

లంబసింగిలో అర్ధరాత్రి వెళ్ళే గుంపులో కలవకండి. ముందు రోజు సాయంత్రానికే చేరి అక్కడే పడుకుని, తెల్లవారాక నడుచుకుంటూ చూడండి. చలి బాగా ఉంటుంది, పది డిగ్రీల లోపుకి పోతుంది. శని, ఆదివారాలు తప్పించగలిగితే ఇంకా మంచిది. సంత రోజున పాడేరు రోడ్డు మీద జీపులు, మనుషులు ఎక్కువ, కానీ మా సంత చూడాల్సిందే. బండి ఊరి బయట పెట్టి నడిచి రండి. పసుపు, చింతపండు, అడ్డాకులు, పిప్పళ్ళు అన్నీ కొండ దిగి వచ్చేది ఆ రోజే.

పాడేరు దాటేటప్పుడు ఇక్కడ మెసేజ్ పెట్టండి. తోట చూపిస్తాను.